చేప నూనె చొక్కా

సుజాతా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది.

నువ్వు వెళ్లిన నెలకే మా చేపల ఫారంలో మేత మార్చారు. బారాముండీలకు, అదే మన పండుగప్పలకు, చేప నూనె మానేసి కనోలా గింజల నూనె కలిపిన మేత వేశాం. దాంతో నా బట్టలకు పట్టే చేప కంపు పోయింది. పన్నెండేళ్లు నేను కారు దిగగానే “ఆ చొక్కా గరాజ్‌లోనే విప్పేసి రండి, ఇల్లంతా కంపు కొడుతుంది” అని స్టవ్ దగ్గర్నుంచే కేకేసేదానివి.

చేపలు బాగానే పెరిగాయి. కోసి చూస్తే మాత్రం లివర్లు పాలిపోయి, కొవ్వు పట్టి ఉన్నాయి. మేనేజరుకు చూపిస్తే “దే లుక్ ఫైన్, మేట్” అన్నాడు. పైకి నువ్వూ బాగానే ఉండేదానివి. ఆ మాట అతనికి చెప్పలేదు కానీ, మేత మార్చేదాకా ఊరుకోలేదు.

ఈ వారం మేతలో మళ్లీ చేప నూనె కలుపుతున్నారు. ఇవాళ ఆ బస్తాలు నేనే మోశాను. ఇంటికొచ్చేసరికి చొక్కా పాత కంపు కొడుతోంది. గరాజ్‌లో విప్పలేదు. అలాగే లోపలికి వచ్చి, వంటింట్లో స్టవ్ పక్కన చాలాసేపు నిలబడ్డాను.

ఎవరూ ఏమీ అనలేదు.