కుడిచక్రానికి సన్నబోల్టు

పూతలపట్టు,
4 ఆగస్టు 2003

తిరుపతి రేణిగుంట రోడ్డులోని కార్ల సర్వీసు విభాగం పెద్దలకు, పూతలపట్టు మామిడి రైతు మునిరత్నం నమస్కరించి రాసేది.

ఫోను చేస్తే మీ ఆఫీసు అమ్మాయి "లైన్లో ఉండండి" అని చెప్పి సన్నాయి పెట్టింది. ముహూర్తం దాటిపోయినా మేళం ఆగలేదు. పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం.

నెలరోజులుగా నా కారు ఎడమకు లాగుతోంది. కుడికి తిప్పి పట్టుకోకపోతే చెనిక్కాయల చేలోకి దిగిపోయేట్టుంది. మొన్న శనివారం మీ దగ్గర చూపిస్తే ఒక చీటీ ఇచ్చారు. "ముందు కుడిచక్రం, క్యాంబర్ నెగెటివ్" అని ఉంది. చదివి చాలా సంతోషించాను. పోయిన నెల రాయవేలూరులో నాకు చేసిన రక్తపరీక్షలు కూడా అన్నీ నెగెటివే. డాక్టరు భుజం తట్టి పంపించాడు. మరి నెగెటివ్ అని తేలాక, దాని కిందే "బోల్టులు మార్చాలి" అని రాశారేమిటి? జబ్బు లేనివాడికి ఆపరేషన్ ఎందుకు?

జవాబు కోసం ఎదురుచూస్తూ,
మునిరత్నం

తా.క.: నడిపేవాడి ఎడమచేతిలో బలం తగ్గినా కారు ఇట్లా లాగుతుందా? నాకోసం కాదు. ఒక స్నేహితుడు కనుక్కోమన్నాడు.

---

తిరుపతి,
8 ఆగస్టు 2003

మహారాజశ్రీ మునిరత్నం గారికి, సర్వీసు విభాగం చూసుకునే శఠగోపం అనేక నమస్కారాలు.

సన్నాయికి క్షమించండి. దాన్ని ఎలా ఆపాలో మాకూ తెలియడం లేదు.

క్యాంబర్ అంటే, కారుకు ఎదురుగా నిలబడి చూసినప్పుడు చక్రం నిలువుగా ఉందా, వాలి ఉందా అనే కొలత. చక్రం తల, అంటే పైభాగం, బయటికి వాలితే పాజిటివ్, లోపలికి వాలితే నెగెటివ్. మీ కుడిచక్రం ఉండాల్సినదానికంటే ఎక్కువ లోపలికి వాలింది. రక్తపరీక్షలో నెగెటివ్ శుభం. ఇక్కడ కాదు.

మీ కారులో ఈ వాలు సరిచేయడానికి వేరే ఏర్పాటు లేదు. అందుకని కంపెనీయే మారుబోల్టులు తయారుచేసి పంపుతుంది. అవి పాతవాటికంటే కాస్త సన్నం. రంధ్రంలో కొంచెం చోటు మిగులుతుంది కాబట్టి, చక్రాన్ని నిలువుకు జరిపి బిగించవచ్చు.

విధేయుడు,
శఠగోపం

తా.క.: మీ స్నేహితుడి అనుమానం తీరాలంటే, ఖాళీ రోడ్డు మీద మెల్లగా పోతూ స్టీరింగు ఒక్క క్షణం వదిలి చూడమనండి.

---

పూతలపట్టు,
12 ఆగస్టు 2003

శఠగోపం స్వామి గారికి మునిరత్నం నమస్కారం.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదివినకొద్దీ అనుమానాలు ఎక్కువయ్యాయి.

బండి ఎడమకు పోతుంటే మీరు కుడిచక్రాన్ని పట్టుకుంటారేమిటి? ఎడమకాలు విరిగినవాడు పుత్తూరు పోతే కుడికాలికి కట్టు కడతారా? అదీగాక, లావుబోల్టు పీకి సన్నబోల్టు పెడతామని ధైర్యంగా కాగితం మీద రాశారు. కాయల బరువుకు మామిడికొమ్మ దిగితే మేము లావు గుంజ పోటు పెడతాం గానీ సన్నది పెట్టం. ఇంతకీ నా లావుబోల్టులు మీరేం చేసుకుంటారు?

ఇక మీ పరీక్ష సంగతి. ఒక్క క్షణం అంటే ఎంతో మీరు రాయలేదు. నా స్నేహితుడు మూడుసార్లు గోవిందా అనేంతసేపు వదిలాడు. కారు రోడ్డు దిగి టెంకాయల కుప్పకు ఆనుకుని నిలబడింది. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. పక్కన కూర్చున్న నా భార్య సిద్ధమ్మ మాత్రం అక్కడికక్కడే నా జుట్టు, అంటే నా స్నేహితుడి జుట్టు, కొండకు మొక్కేసింది.

చేతులు వదిలినా ఎడమకే పోయింది కాబట్టి లోపం చేతిలో లేదు. అతని ఒళ్లంతా ఎడమకు వాలుతోందని తేలింది. ఇది ఇంకా ఘోరం.

ఇట్లు, మనసు బాగాలేని
మునిరత్నం

తా.క.: అప్పటినుంచి సిద్ధమ్మ నా వెనక సీటులో కుడివైపున, ఒళ్లో బియ్యం మూట పెట్టుకుని కూర్చుంటోంది. బరువు సరిపోవడానికట.

---

తిరుపతి,
16 ఆగస్టు 2003

పూజ్యులు మునిరత్నం గారికి శఠగోపం నమస్కారాలు.

మీ వంటింట్లో ఒక పళ్ళెం తీసుకుని నేలమీద నిలువుగా దొర్లించండి. అది ఎటు వాలితే అటే తిరిగి పోతుంది. మీ కుడిచక్రం తల లోపలికి వాలింది. కుడిచక్రానికి లోపలివైపు అంటే ఎడమే కదా. అందుకే బండి ఎడమకు పోతోంది. చేతులు వదిలినా పోయిందంటే మీ స్నేహితుడి ఒళ్లు వాలినట్టు కాదు, చక్రం వాలినట్టు.

బోల్టు సన్నదైనా పట్టంతా బిగింపులో ఉంటుంది. ఎంత బిగించాలో కంపెనీ వాళ్లే చెప్పారు. కొత్త నట్లు వేసి ఆ కొలత ప్రకారమే బిగిస్తాం. తర్వాత రెండు చక్రాలూ ఒకే దిక్కు చూస్తున్నాయో లేదో మళ్లీ సరిచూస్తాం. మీ లావుబోల్టులు పొట్లం కట్టి మీకే ఇస్తాను.

మామూలుగా ఇది రాయో గట్టో తగిలితే వచ్చే లోపం. ఈమధ్య మీ కారు దేనికైనా తగిలిందా?

గురువారం రండి. స్నేహితుణ్ణీ తీసుకురండి. కారు నేనే నడుపుతాను. ఆయన పక్కన కూర్చుని నా చేతులు చూస్తే చాలు.

మీ
శఠగోపం

తా.క.: మీ ఉత్తరం మా మెకానిక్ వరదయ్యకు చదివి వినిపించాను. "మూట దించమని సెప్పు సామీ, సక్రం ఇంగా వాలిపోతాది" అన్నాడు.

---

పూతలపట్టు,
19 ఆగస్టు 2003

శఠగోపం స్వామి గారికి,

స్నేహితుడెవరూ లేడు స్వామీ. నేనే.

మా అన్న మునివెంకటప్పకు మూడేళ్ల కిందట ఎడమచెయ్యి ఇట్లాగే మొదలైంది. ముందు దువ్వెన జారింది. తర్వాత గ్లాసు. నెల తిరగకముందే మంచం పట్టాడు. కారు ఎడమకు లాగిన మొదటిరోజే నాకు ఆ దువ్వెన గుర్తొచ్చింది. రాయవేలూరు డాక్టరు ఏమీ లేదన్నాడు. నమ్మలేదు. ఇంట్లో చెప్పలేదు. రోజూ ఉదయం పెరట్లో ఎడమచేత్తో బిందె ఎత్తి చూసుకుంటున్నాను. ఎత్తగలుగుతున్నాను. అయినా భయం పోవడం లేదు.

మీరు నడిపినప్పుడు కారు తిన్నగా పోతే మాత్రం దయచేసి సిద్ధమ్మ ముందు ఏమీ అనకండి. నాతో పక్కకు వచ్చి చెప్పండి.

కారు దేనికీ తగల్లేదు. నేను తప్ప దాన్ని ముట్టుకునేవాళ్లు లేరు.

గురువారం వస్తాం.
మునిరత్నం

తా.క.: పళ్ళెం దొర్లించాను. మీరు చెప్పినట్టే తిరిగింది. సిద్ధమ్మ నావైపు ఒక చూపు చూసి తలుపు వేసుకుంది.

---

పూతలపట్టు,
27 ఆగస్టు 2003

ఆత్మబంధువు శఠగోపం స్వామికి మునిరత్నం దండాలు.

గురువారం మీరు నడుపుతుంటే నేను రోడ్డు చూడలేదు. మీ చేతులే చూశాను. కారు మీకూ ఎడమకే లాగింది! "చూశారా, లోపం ఉంది" అని మీరు అనగానే నేను మిమ్మల్ని కావిలించుకోవడం, బండి ఇంకాస్త ఎడమకు పోవడం, అందుకు క్షమించాలి. కారు చెడిందని అంత సంబరపడిన కస్టమరు మీకు దొరికి ఉండడు.

వరదయ్య బోల్టులు మార్చి, వాలు సరిచేసి, కొలతలు చూపించాక ఇంటికి బయల్దేరాం. చంద్రగిరి దాటాక పట్టు కొంచెం సడలించి చూశాను. కారు తిన్నగా పోయింది. సిద్ధమ్మ ముందుకు వంగి చూసింది.

"ఏమయ్యా, తిన్నగా పోతాండాదే!"

"పోతాండాది. నా చెయ్యి బాగుండాది సిద్ధమ్మా."

ఆమె బోరుమని ఏడ్చేసింది. బండి పక్కన ఆపాను.

"నేనే కొట్టినానయ్యా. తోట గేటు రాతికి. కుడిపక్క."

"నువ్వా? నువ్వు యాడ నడిపినావే?"

"కోతలప్పుడు నువ్వు లారీలో మండీకి పోతాంటివి గదా. చిత్తూరు సంతోషమ్మ ఆడోళ్లకు కారు నేర్పిస్తాది. ఆమె కాడ నేర్చుకున్నా. బావ మాదిరి నీకూ చెయ్యి పడిపోతే ఆస్పత్రికి ఎవురు తీసకపోతారని."

రాయి తగిలినా గీత కూడా పడలేదు కాబట్టి చెప్పలేదట. మరుసటిరోజు నుంచి నేను స్టీరింగుతో పెనుగులాడుతుంటే, తను భయపడిన జబ్బే వచ్చేసిందని అనుకుందట. నా భయం ఆమెకు తెలియకుండా నేను, ఆమె భయం నాకు తెలియకుండా ఆమె, ఒకే కారులో నెలరోజులు తిరిగాం స్వామీ! రోడ్డు పక్కన ఇద్దరం నవ్వుతుంటే, బస్సులో పోయేవాళ్లు తలలు బయటపెట్టి చూశారు.

"లైసెన్సు లేకుండా నడిపితివే" అని నేను గద్దించబోయాను. ఆమె చేతిసంచిలోంచి తీసి చూపించింది. జులైలో వచ్చింది. ఫొటోలో కొత్తపెళ్లికూతురిలా ఉంది. పక్కన పెట్టి చూద్దామని నాది తీశాను. దాని గడువు తీరి పదమూడు నెలలైంది.

ఇద్దరం సీట్లు మార్చుకున్నాం. ఇంటిదాకా ఆమే నడిపింది. బాగా నడుపుతుంది. నేను ఏడెనిమిదిసార్లు మాత్రమే బ్రేకు తొక్కినట్టు కాలు నొక్కాను.

ఎప్పుడైనా ఈ వైపు వస్తే మా ఇంట్లో భోంచేసి వెళ్లాలి. వరదయ్యనూ తీసుకురండి.

నెలరోజుల తర్వాత కంటినిండా నిద్రపోయిన
మీ మునిరత్నం

తా.క.: లైసెన్సు మళ్లీ ఇవ్వాలంటే కాళ్లూ చేతులూ బాగున్నాయని డాక్టరు సర్టిఫికెట్ కావాలన్నారు. నిన్న చిత్తూరులో చూపించుకున్నాను. డాక్టరు చెయ్యి చాపి "ఎడమచేత్తో గట్టిగా పట్టుకోండి" అన్నాడు. పట్టుకున్నాను. వేళ్లు విదిలించుకుని సంతకం పెట్టడానికి ఆయనకు కొంచెంసేపు పట్టింది.