అడిగితేనే చేప

కలిదిండి,
1936 ఫిబ్రవరి.

ఏలూరు హోటలు భోజనంతో చిక్కిపోతున్న మా వారికి, మీ సత్యవతి నమస్కారాలు.

అమ్మకి ఒంట్లో బాగాలేదని చెప్పి పుట్టింటికి వచ్చాను గదా, అది అబద్ధం. అమ్మ నిక్షేపంలా ఉంది. నేనే కనకాన్ని ఎత్తుకుని తాడేపల్లిగూడెం నుంచి పారిపోయి వచ్చాను. నాలుగో ఏడు వచ్చినా పిల్లకి మాట రాలేదని అత్తయ్యగారు రోజూ దాని నాలుకకి వస రాస్తుంటే ఊరుకున్నాను. నాలుక కింద నరం కోయించడానికి వైద్యుణ్ణి పిలిపించేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. సెలవుకి ఇంటికొచ్చిన మీరు పక్కనే తల వంచుకుని కూర్చున్నారు. వద్దని ఒక్క మాట అనలేదు. అది నాకు ఇంకా బాధగానే ఉందండీ.

పిల్ల మూగదీ కాదు, చెవిటిదీ కాదు. వెనక నిలబడి గాజులు కదిపితే తిరిగి చూస్తుంది. చెప్పిన పనల్లా చేస్తుంది. బొమ్మకి పాలు పట్టి, జోకొట్టి పడుకోబెడుతుంది. ఇంత తెలిసిన పిల్ల మాట్లాడకపోవడం ఏమిటో నాకు బోధపడటం లేదు. మా దొడ్డి వెనక చేపలు పట్టేవాళ్ళ పిల్లలున్నారు, మంగ, పెద్దింటమ్మ అని. రోజంతా వాళ్ళతో బురదలో ఆడనిస్తున్నాను. ఉగాది దాకా గడువివ్వండి. అప్పటికీ మాట రాకపోతే మీరు చెప్పినట్టే వింటాను.

కోపం వస్తే నా మీదే పడండి, పిల్ల మీద వద్దు.
మీ సత్యవతి.

కలిదిండి,
1936 మార్చి.

ఉత్తరానికి జవాబు రాయని మా వారికి,

కూర్చుని చదవండి. మూడు రోజుల కిందట ఆటలో మంగ చేపలమ్మే మనిషి అయింది. బురదతో చేపలు చేసి తామరాకులో పరిచింది. కనకం ఎప్పటిలాగే వేలు చూపించింది. మన ఇంట్లో అయితే వేలు లేచేలోపే అత్తయ్యగారూ నేనూ పోటీపడి అందిస్తాం. మంగ కదల్లేదు.

"ఏ చేప కావాలే? నోటితో అడుగు. ఊరికే ఏలు చూపిత్తే ఇవ్వనంతే" అంది.

కనకం ఏడ్చింది, మంగ జడ పట్టుకు లాగింది. నేను లేవబోయి, గుమ్మం పట్టుకుని ఆగిపోయాను. ఆగడం ఎంత కష్టమో మీకు తెలియదు. చివరికి కాలు నేలకేసి కొట్టి, "పెద్దది!" అని అరిచింది.

మొదటి మాటే పెద్ద చేప కోసం! అచ్చం మీ అమ్మగారి పోలిక. నేను మాత్రం అక్కడే కూలబడి ఏడ్చేశాను. ముద్దు చేసి చేసి, దాని నోటికి మనమే పని లేకుండా చేశామండీ.

వచ్చినవి నాలుగు మాటలే. తోటిపిల్లల కన్నా ఇంకా వెనకే ఉంది. అయినా రోజూ ఆటలో ఒకటో రెండో కొత్తవి తెచ్చుకుంటోంది. ఇవాళ అన్నం తింటూ తింటూ ఆగి, "నాన్న ఏడీ?" అంది.

నోటితో అడిగిందల్లా ఇచ్చేస్తున్నాను గానీ, ఇది ఇవ్వడం నా వల్ల కాదు. ముందు తాడేపల్లిగూడెం వెళ్ళి, నరం కోయించవద్దని అత్తయ్యగారితో మీ నోటితో చెప్పండి. ఆ తర్వాత పడవెక్కండి. పిల్ల రేవులో ఎదురుచూస్తుంది, నేనూ చూస్తాను.

మీ సత్యవతి.