తూర్పు వాకిలి గ్రీన్‌హౌస్

ఆదివారం రాత్రి, భూపాలపల్లి

అడగకుండానే నా కొడుకు రవి నాకోసం గ్రీన్‌హౌస్ కొన్నాడు. అమ్మకు చీర కొనాలంటేనే రెండు పండుగలు ఆలోచించే మనిషి! నా అనుమానం అక్కడే మొదలైంది.

పొద్దంతా పెరట్లో ఇనుప గొట్టాలు బిగించి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పాడు. తలుపు మాత్రం తూర్పుకే ఉండాలని పట్టుబట్టాడు. తూర్పున ప్రహరీ గోడ ఉంది. తలుపు సగమే తెరుచుకుంటోంది.

"నీ వాస్తు సల్లగుండ! ఎండ్రకాయ లెక్క అడ్డంగ పోవాల్నారా నేను?" అన్నాను.

"తూర్పు వాకిలైతే అనుకున్న పని జల్ది అయితదని పంతులు చెప్పిండు అత్తమ్మా," అంది కోడలు. రవి ఆమె వైపు ఉరిమి చూశాడు.

"ఏం పనిరా?"

"ఏం లేదమ్మా. ఇగ కూరగాయలు ఈడనే పండించుకో. ఈ వయసుల చిట్యాల చెల్కకు పోవుడెందుకు?"

ఆ చెల్క, వానమీద పండే మా మెట్ట చేను, నా పేరు మీద ఉంది. మా ఆయన పోయాక కూడా నేను దాన్ని బీడు పెట్టలేదు.

"చెల్కను ఎవరికి చూపించినవ్‌రా?" అని అడిగాను. వాడు అప్పటికే బిగించిన నట్టును మళ్ళీ బిగించసాగాడు.

అమ్మాలంటే నా సంతకం కావాలి. వాడు గారాబంగా అడిగితే పెట్టేస్తానేమోనని నా మీద కూడా నాకు అనుమానమే. అందుకే రేపు పొద్దున్నే చిట్యాల పోయి కంది గింజలు వేసి వస్తాను. మొలకెత్తిన చేను మీద సంతకం పెట్టమంటే నా చెయ్యి లేవదు.