వారానికి ఆరు కిలోలు

ఫిబ్రవరి 8, ఆదివారం

పెట్టె వచ్చింది. బిల్డింగ్ కమిటీ ఇంటికొకటి ఇచ్చింది. తడి చెత్త వేసి, పైన గుప్పెడు రంపపు పొట్టు చల్లి, వారానికోసారి కలిపితే ఎరువవుతుందట. అడుగున కాటా ఉంది. ఎంత వేశామో, ఎన్ని గంటలకు వేశామో యాప్‌లో పడుతుంది. ఎక్కువ తడి చెత్త వేసిన ఇంటి నంబరు ప్రతి ఆదివారం లిఫ్ట్ పక్కన బోర్డు మీద రాస్తారు.

నాకు భలే హుషారుగా ఉంది. మా ఆవిడ రైలు గార్డు. నాలుగు రోజులు పట్టాల మీద, రెండు రోజులు ఇంట్లో. డ్యూటీకి బయల్దేరుతూ పెట్టెను ఒక చూపు చూసి, ఇల్లు అలకగానే పండగ కాదంది. చూద్దాంలే అన్నాను. మా దగ్గరే ఉండే అత్తయ్యకి, అంటే మా ఆవిడ వాళ్లమ్మకి, మాత్రం రెండుసార్లు చెప్పి నేర్పించాను. పొట్టు చల్లడం మర్చిపోవద్దన్నాను. మర్చిపోనంది.

ఫిబ్రవరి 15, ఆదివారం

ఫస్ట్!

ఐదు కిలోల ఎనిమిది వందలు. కింది ఫ్లోర్ పళ్ల డాక్టరింట్లో ఐదుగురుండి నాలుగు దాటలేదు. లిఫ్ట్‌లో కనపడి, సీక్రెట్ ఏమిటని అడిగాడు. శ్రద్ధ అన్నాను.

ఫిబ్రవరి 19, గురువారం

కూర్చుని ఆలోచిస్తే నాకే అర్థం కావడం లేదు. ఇంట్లో ముగ్గురం. అందులో ఒకావిడ సగం వారం ఉండదు. నేను కళ్లద్దాల షాపులో, లెన్సులు అరగదీస్తూ, పొద్దున తొమ్మిదికి వెళ్తే రాత్రి ఏడుకి వస్తాను. మరి ఇంత చెత్త ఎక్కడిది? తొక్కలు, టీ పొడి, గుడ్డు పెంకులు ఎంత జమ వేసినా వారానికి రెండున్నర కిలోలు దాటవు.

మా ఆవిడ ఫోన్లో ఇదే అడిగింది. టెక్నాలజీ అంటే అంతే, మనకి తెలియని చెత్తని కూడా లెక్కేస్తుందన్నాను. ఆవిడ నవ్వలేదు.

ఫిబ్రవరి 22, ఆదివారం

మళ్లీ ఫస్ట్. ఆరు కిలోల రెండు వందలు. బోర్డు దగ్గర ఫోటో తీశారు. అత్తయ్యని కూడా రమ్మన్నాను. మెట్లు ఎక్కినట్టు ఆయాసపడుతూ వచ్చి నిలబడింది. నిజానికి లిఫ్ట్‌లోనే దిగాం. ఫోటోలో ఆమె నైటీ వదులుగా వేలాడుతోంది, కొంచెం సన్నబడింది. ఈ వయసులో అది మంచిదే అని పళ్ల డాక్టరు భార్య అంది. అవునన్నాను.

పైకొచ్చాక అత్తయ్య అడిగింది, ఈ ఫస్ట్ రావడం నాకు నిజంగా అంత ఇష్టమా అని. చాలా అన్నాను. తలూపింది.

ఫిబ్రవరి 26, గురువారం

ఎరువు కలుపుతుంటే అత్తయ్య ఉంగరం దొరికింది. ముప్ఫై ఏళ్ల నుంచి వేలు వదలని ఉంగరం అది. సబ్బు రాసినా రాదని మా ఆవిడ పెళ్లప్పుడే చెప్పింది. అది జారి పెట్టెలో ఎలా పడింది? కడిగి అత్తయ్యకి ఇచ్చాను. లోపలివైపు దారం చుట్టుకుని మళ్లీ తొడుక్కుంది. పెట్టెలో చెయ్యి పెట్టకండి, గరిట వాడండి అని చెప్పాను.

మార్చి 2, సోమవారం

కాటాలో తేడా ఉందేమోనని టెక్నీషియన్‌ని పిలిచాను. చిన్న బరువులు తెచ్చి వేసి చూశాడు. కాటాలో గుండుసూదంత తేడా కూడా లేదు. ఫోన్లో పాత రికార్డు తీసి చూపించాడు. రోజూ మధ్యాహ్నం ఒంటిగంట పదికి అటూ ఇటూగా, దాదాపు అరకిలో పడుతోంది. ఆ టైముకి మీ ఇంట్లో ఎవరుంటారని అడిగాడు.

అత్తయ్య ఒక్కతే ఉంటుంది; మా ఆవిడ ఇంట్లో ఉన్న రోజుల్లో కూడా ఆ టైముకి నిద్రలోనే. పక్క గదిలోనే ఉంది, విన్నట్టు లేదు.

అరకిలో ఏమిటి? తల బొప్పి కడుతోంది.

మార్చి 3, మంగళవారం. రాత్రి

తెలిసింది. పొద్దున ఆరున్నరకి గరిటతో పొట్టు తోసి చూశాను. నిన్నటి అన్నం ముద్ద ముద్దగా ఉంది. నేను కోసిన కారెట్ ముక్కలు, నేను కోసే అదే వంకర. నేను వేయించిన గుడ్డు. అత్తయ్య కోసం రోజూ తెల్లవారకముందే లేచి వండి, డబ్బాలో సర్ది, మూత మీద చెయ్యేసి వేడి చూసి మరీ పెట్టి వెళ్తానే, ఆ భోజనం. మొత్తం.

అరికాలి మంట నెత్తికెక్కింది. నచ్చకపోతే చెప్పొచ్చు కదా? ఉప్పు ఎక్కువైందనో, చప్పగా ఉందనో ఒక్క మాట. వెళ్లేటప్పుడు చెప్పకుండా తలుపేసుకుని వచ్చేశాను. షాపులో రెండు లెన్సులు పగలగొట్టాను.

మార్చి 4, బుధవారం

సగమే వండాను. అత్తయ్య అడిగితే, ఎక్కువ చేసి ఏం లాభం అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆమె డబ్బా వైపు చూసి, నిజమే నాయనా అంది. నాకు కోపం తగ్గాలి, తగ్గలేదు. ఇంకేదో మొదలైంది. అదేమిటో తెలియదు.

మార్చి 5, గురువారం

ఒంటిగంట పన్నెండుకి రెండు వందల యాభై గ్రాములు.

మార్చి 6, శుక్రవారం. మధ్యాహ్నం మూడు

తలనొప్పని చెప్పి షాపు నుంచి వచ్చేశాను. తలుపు చప్పుడు చేయకుండా తీశాను. రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకుందామనే. అబద్ధం రాయడం ఎందుకు.

అత్తయ్య వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఉంది. ముందు పళ్లెం. చెంచాడు అన్నం నోట్లో పెట్టుకుంది. నమిలింది, చాలాసేపు నమిలింది. మెడ ముందుకు చాచి మింగబోయింది. దిగలేదు. నీళ్లు తాగింది. నీళ్లు ముక్కులోంచి వచ్చేశాయి. దగ్గు. మోకాళ్ల మీద ఒక గుడ్డ సిద్ధంగా పెట్టుకుంది, అందులోకి ఉమ్మింది. కళ్లు తుడుచుకుంది. మళ్లీ చెంచా తీసుకుంది.

నాలుగుసార్లు ప్రయత్నించింది. నేను అక్కడే నిలబడి చూశాను. తర్వాత పళ్లెం ఎత్తుకుని బాల్కనీలోకి వెళ్లి, పెట్టెలో వేసి, పొట్టు చల్లింది. గుప్పెడు. నేను నేర్పినట్టే.

వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఎన్నాళ్ల నుంచి అని అడిగాను. రెండు నెలలు దాటిందట. మొదట రొట్టె, తర్వాత అన్నం, ఇప్పుడు గంజి కూడా దిగడం లేదట. వాళ్ల అక్కకి ఇలాగే మొదలై, గొట్టం వేసి, ఆ గొట్టంతోనే పోయిందట. అందుకని ఎవరికీ చెప్పలేదు. మరి నాకైనా చెప్పొచ్చు కదా అన్నాను. నాకు కోపంగా ఉంది, ఏడుపొస్తోంది, ఏది ముందో తెలియడం లేదు.

“నువ్వు చీకటితో లేచి వండుతావు. తినలేదంటే బాధపడతావని. పైగా ఆ పెట్టెలో వేస్తే ఆదివారం నీ మొహం వెలిగిపోయేది నాయనా. ఒకరికైనా పనికొస్తోంది కదా అనుకున్నా” అంది.

మార్చి 7, శనివారం

పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆహారనాళంలో ఏదో అడ్డు ఉందన్నాడు. కెమెరా వేసి, ముక్క తీసి పరీక్షకి పంపాలట. పదకొండు కిలోలు తగ్గింది.

మా ఆవిడ డ్యూటీ మధ్యలో దిగి వచ్చింది. అరుస్తుందనుకున్నాను, అరవలేదు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు, చెత్త పెరిగిందంటే ఫోటో దిగావా అంది. ఊరందరికీ కళ్లజోళ్లు చేస్తావు, అంది. తర్వాత, తను కూడా ప్రతి వారం రెండు రోజులు ఇంట్లోనే ఉంది కదా అని, బాత్రూంలోకి వెళ్లి నీళ్లు వదిలింది. చాలాసేపు బయటికి రాలేదు.

మార్చి 10, మంగళవారం. ఆస్పత్రి

ముక్క తీశారు. రిజల్టు వచ్చే మంగళవారం. అంతవరకూ ఒంట్లోకి ఏదో ఒకటి వెళ్లాలని ముక్కులోంచి సన్నటి గొట్టం వేశారు. వద్దని నా చెయ్యి పట్టుకుంది. నేనే ఒప్పించాను. ఒప్పించింది మంచికో చెడుకో తెలియదు.

గొట్టం వేశాక కళ్లు మూసుకుని, ఈ ఆదివారం మనకి ఫస్ట్ పోయిందా అని అడిగింది. పోలేదన్నాను. పోయింది.

మార్చి 15, ఆదివారం

మొదటి ఎరువు తయారైంది. నల్లగా, పొడిపొడిగా, వాన పడ్డ మట్టి వాసన. పళ్ల డాక్టరు తన గులాబీలకి ఒక బకెట్ అడిగాడు. ఇవ్వనన్నాను. ఏం చేసుకుంటావన్నాడు.

తెలియదు. కానీ అది అత్తయ్య భోజనం.