అవొమోరిలో విడిది

స్కార్‌బరో, కెనడా,
మార్చి నెల, ఆదివారం, చర్చి నుంచి వచ్చాక.

ప్రియమైన అన్నయ్య షాలేమ్ రాజుకి,

నీ చెల్లెలు రూపవతి యేసయ్య నామంలో వందనాలు చెప్పి రాస్తున్నది. దేవుని దయవల్ల ఇక్కడ నేను, అబిగేల్, మీ బావగారు బాగానే ఉన్నాం. మీ బావగారి మోకాలు ఒక్కటే బాగాలేదు, అదీ అంట్లు తోమమన్నప్పుడే. పాలకొల్లులో నువ్వు, వదిన, ఎలీషా క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

నువ్వు కాగితం మీద రాసి, ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టిన ఉత్తరం అందింది. అందులో సగం నీ బొటనవేలే ఉంది. మిగతా సగం చదివి జవాబు రాస్తున్నాను. ఫోన్ చేయొచ్చు కదా అంటావేమో. ఫోన్‌లో నేను ఒక మాట అంటే నువ్వు పది మాటలు అడ్డం వేస్తావు. కాగితానికి అడ్డుపడలేవు. మా చర్చిలో ఒకావిడ ఈ వారం ఊరు వస్తోంది, ఆవిడ చేతికి ఇస్తున్నాను.

హోటల్ ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, ఆ పిల్లాడి తల్లి ఎలాంటి మనిషి అని అడిగావు. చివర్లో 'పని అయిందా?' అని ఒక్క ముక్క రాసి కింద రెండు గీతలు గీశావు. ఆ పని ఏమిటో మనిద్దరికీ తెలుసు. అబిగేల్‌ని నీ ఎలీషాకి చేసుకోవాలని మనం ఎప్పుడో అనుకున్నాం. అదేమో వాటర్లూ యూనివర్సిటీలో తనతో చదివిన జపాను పిల్లాడు దైచిని తప్ప ఇంకెవర్నీ చేసుకోనంది. "వెళ్ళి చూసినట్టే చూసి, ఏదో వంక పెట్టి చెడగొట్టి వచ్చెయ్యి" అన్నావు. సరేనని మాట ఇచ్చే వెళ్ళాను. గీతలు గీసిన ప్రశ్నకి జవాబు చివర్లో చెబుతాను. ముందు హోటల్ సంగతి విను, నా కడుపుమంట చల్లారాలి.

మీ బావగారు మోకాలి వంకతో ఇంట్లోనే ఆగిపోయారు. నేనూ అబిగేల్ టొరంటోలో విమానం ఎక్కి టోక్యోలో దిగి, అక్కడ బుల్లెట్ రైలెక్కి ఉత్తరానికి పోయి పోయి, ఇక భూమి అయిపోతుందేమో అన్నచోట దిగాం. ఆ ఊరి పేరు అవొమోరి. ఏముందయ్యా అక్కడ అంటే మంచు. ఏటా చలికాలమంతా బస్సు కోసం మంచులో నిలబడి కాళ్ళు కొయ్యబారిన దాన్ని, ఇంకో దేశపు మంచు చూడటానికి సెలవు పెట్టుకుని వెళ్ళాను. రోడ్డుకి రెండువైపులా మనిషి ఎత్తు గోడలా పేర్చి పెట్టారు. అదేదో గొప్పైనట్టు దాని పక్కన నిలబడి ఫోటోలు తీసుకునేవాళ్ళు కూడా ఉన్నారు.

హోటల్ స్టేషన్ పక్కనే. పేరులో గ్రాండ్ అని ఉంది. పేరు గొప్ప, ఊరు దిబ్బ. తలుపు తీస్తే మంచం తగిలింది, మంచం ఎక్కితే గోడ తగిలింది. సూట్‌కేసు తెరవాలంటే నేను మంచం ఎక్కాలి, నేను దిగాలంటే సూట్‌కేసు మూయాలి. తా దూర సందు లేదు మెడకో డోలు అన్నట్టు, ఆ గదిలోనే టీవీ, ఫ్రిజ్, గాలికి తేమ పట్టించే ఒక యంత్రం, ప్యాంట్లు ఇస్త్రీ చేసే ఇంకో యంత్రం. నేను ప్యాంట్లు వేసుకోను కదా, అది రాత్రంతా నా మొహం చూస్తూ నిలబడింది. స్నానాల గది మొత్తం ఒకే ప్లాస్టిక్ ముక్కతో పోత పోశారు. కమోడ్‌కి విమానం నడిపేవాడి ముందు ఉన్నన్ని మీటలు. ఏది నొక్కితే ఏమవుతుందో తెలియక ఒకటి నొక్కాను. చీర మార్చుకోవాల్సి వచ్చింది, అంతకంటే చెప్పను.

కింద లాబీలో బుట్టలో నైట్ డ్రెస్సులు పెట్టారు, ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకోవాలట. నర్సింగ్ హోమ్‌లో నేను ముసలివాళ్ళకి తొడిగే గౌన్లు సరిగ్గా అలాగే ఉంటాయి. సెలవు పెట్టినా ఉద్యోగం నా వెంటే వచ్చిందనుకున్నాను. కౌంటర్ దగ్గర అమ్మాయి నేను లిఫ్ట్ దిగినప్పుడల్లా నడుము వంచి దండం పెట్టేది. కాఫీకి వెళ్తే దండం, డబ్బా కాఫీ తప్ప దొరక్క తిరిగొస్తే దండం. అతి వినయం ధూర్త లక్షణం అని నాన్న ఊరికే అన్నారా?

తిండి అడిగావు. పొద్దున టిఫిన్ ఉచితం, తొమ్మిది దాటితే గిన్నెలు ఎత్తేస్తారు. సోయా గింజల్ని పులియబెట్టి, తీగలు సాగేదాకా కలిపి, అన్నం మీద వేసుకుని ఆనందంగా తింటున్నారు. ఆ వాసనకి నేను మూడు బల్లలు అవతలికి మారాను. చేప పెట్టారు. గోదావరి ఒడ్డున పుట్టి చేపకి వంక పెట్టకూడదు గానీ, ఉప్పు తప్ప ఇంకేం పూయకుండా కాల్చిన చేప ముక్కని పొద్దున్నే ఎవరు తింటారు? నా దగ్గరున్న ఎండురొయ్యల పొడి తీసి అన్నంలో కలుపుకున్నాను. నల్ల సూట్లు వేసుకున్న ఇద్దరు మగాళ్ళు తినడం ఆపి నా కంచంలోకే చూశారు. కాస్త పెట్టాను కూడా. ఆ దేశంలో రుచి తెలిసినవాళ్ళు ఆ ఇద్దరే.

ఇక ఆ పిల్లాడి తల్లి. ఆవిడ పేరు సతొమి. భర్త పోయి చాలా కాలమైంది. అదే ఊళ్ళో సొంత ఇల్లు ఉంది, రెండంతస్తులది. అయినా మమ్మల్ని గడప తొక్కనివ్వకుండా స్టేషన్ దగ్గర లాడ్జిలో దింపింది. ఇది చాలదూ అన్నయ్యా? మగపెళ్ళివారి ఊరు వెళ్తే ఆడపెళ్ళివారికి విడిది ఎలా ఇవ్వాలో మనకి తెలియదా? నా పెళ్ళికి విడిదింట్లో మంచినీళ్ళ కుండకి మూత లేదని మన పెద్దమ్మ అలిగి లోపల గడియ పెట్టుకుంటే, మా అత్తగారు బ్యాండు మేళంతో వచ్చి బతిమాలారు. విడిదిలో లోటు జరిగితే అలగడం మన హక్కు, వచ్చి బతిమాలడం వాళ్ళ ధర్మం. కుండ మూతకే అంత జరిగితే, ఈ అగ్గిపెట్టెకి ఎంత జరగాలి?

మరునాడు మధ్యాహ్నం ఆవిడింట్లో భోజనం అనుకున్నాం. నాకు అదే అదను అనిపించింది. అలుగుతాను, ఆవిడ రాదు, వచ్చినా మాటా మాటా పెరుగుతుంది, సంబంధం దానంతటదే చెడుతుంది. నీకిచ్చిన మాట దక్కుతుంది, నా కూతురు నన్ను తిట్టుకోదు. పొద్దున టిఫిన్ అవగానే పక్క గదిలోంచి అబిగేల్ వచ్చి తలుపు కొట్టింది.

"మామ్, ఆర్ యూ రెడీ?"

"నేను రావట్లేదు. ఈ విడిది నాకేం బాగోలేదు. ఒంట్లో నలతగా ఉందని చెప్పు."

"వాట్ విడిది?" అంది అది. కెనడాలో పెంచినందుకు నాకు కావలసిందే.

గది ఊడ్చేవాళ్ళు మాటిమాటికీ రాకుండా, డు నాట్ డిస్టర్బ్ అన్న అట్టముక్క తలుపు బయట తగిలించి గడియ పెట్టుకున్నాను. పట్టుచీర కట్టుకుని మరీ అలిగాను. బతిమాలడానికి వచ్చినవాళ్ళకి నర్సింగ్ హోమ్ గౌనులో కనబడితే ఏం మర్యాద? మంచం మీద కూర్చుని తలుపు వైపే చూస్తున్నాను. ఎవరూ రాలేదు. చాలాసేపటికి అడుగుల చప్పుడైంది. చటుక్కున గోడవైపు తిరిగి పడుకున్నాను. ఏదో సరసరమంది, ఆ అడుగులు వెళ్ళిపోయాయి. తలుపు తీసి చూస్తే బయట పిడికి ఒక సంచి వేలాడుతోంది. అందులో ఉతికిన తువ్వాళ్ళు, ఒక నీళ్ళ సీసా. అలిగిన మనిషికి తువ్వాళ్ళు పంపే దేశాన్ని నా జన్మలో చూడలేదు.

మధ్యాహ్నం దాటింది. అలక గట్టిదే గానీ కడుపు గట్టిది కాదు. సరే, ఇక ఆవిడ రాదు, సంబంధం చెడినట్టే, నేనే దిగి ఆ మాటేదో అనేసి బుల్లెట్ రైలు ఎక్కుదామనుకున్నాను. 'మీకూ మాకూ కుదరదు' అని లిఫ్ట్‌లో రెండుసార్లు అనుకుని చూసుకున్నాను. బాగానే ఉందనిపించింది.

కిందకి వెళ్తే ఆవిడ లాబీలో కూర్చుని ఉంది. కోటు మడిచి ఒళ్ళో పెట్టుకుంది, దాని మీద గుడ్డలో కట్టిన ఒక డబ్బా. కుర్చీకి వీపు ఆనించకుండా, ట్రైను కోసం కూర్చున్నట్టు కూర్చుంది. పక్కన దైచి, అబిగేల్ తప్పు చేసిన పిల్లల్లా నిలబడి ఉన్నారు.

"మామ్, ఆంటీ పొద్దుట్నుంచి ఇక్కడే ఉన్నారు" అంది అబిగేల్, ఎప్పుడూ లేనిది తెలుగులో.

"మరి పైకి రావచ్చు కదా? తలుపు కొట్టడానికేం?"

"నన్ను కూడా కొట్టనివ్వలేదు. డోర్ మీద డోంట్ డిస్టర్బ్ అని ఉంది కదా, రెస్ట్ తీసుకోనీ అన్నారు. ఇంటికి వెళ్ళండంటే వెళ్ళరు. మీ మదర్ లేచి కిందకి వస్తే ఎవరూ లేకపోతే ఎలా అన్నారు."

అర్థమైందా అన్నయ్యా? అలిగినవాళ్ళ తలుపు కొట్టడానికే ఉంటుందని ఆ దేశంలో ఎవరికీ తెలియదు. అట్టముక్క మీద రాసిందే వేదవాక్కు. పైన నేను ఎవరూ రాలేదని పళ్ళు నూరుతున్నాను, కింద ఆవిడ నన్ను కదిలించకూడదని కూర్చుంది. ఇంత తెలివితక్కువ ఆడవాళ్ళని ఇద్దర్ని ఒకే కప్పు కింద దేవుడు ఎందుకు పెట్టాడో నాకు తెలియదు.

ఆవిడ లేచి నడుము వంచింది. ఏదో అడిగింది. దైచి దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. గది చల్లగా ఉందా, అందుకే జబ్బు చేసిందా అని. వాళ్ళ ఇంట్లో ఒక్క గదికే స్టవ్వు ఉందట, చలికి గొట్టాల్లో నీళ్ళు గడ్డకడతాయట. అలాంటి చోట పడుకోబెట్టడం అవమానమని హోటల్లో దింపిందట. మేం దిగడానికి ముందురోజు తనే వచ్చి ఆ గదిలో కూర్చుని, వేడి సరిపోతుందో లేదో చూసి వెళ్ళిందట. అవమానం చేశావని నేను అలిగితే, అవమానం కాకూడదని ఆవిడ చేసిన పని అది.

డబ్బా విప్పింది. ఒంట్లో బాగాలేదని విని గంజి కాచి తెచ్చింది. నా జీవితంలో అంత చప్పటి గంజి తాగలేదు. ఉప్పు లేదు, పైన ఒక పుల్లటి కాయ, అది నాలుక మీద పెడితే చెవులు మూసుకుపోయాయి. మొత్తం తాగాను.

లిఫ్ట్‌లో అనుకున్న మాట గొంతులోనే ఉంది. నిజం చెబుతున్నాను, అనడానికే నోరు తెరిచాను. కానీ నాకు అమ్మ పోయాక నువ్వు పెట్టిన జ్ఞాపకార్థ కూడిక గుర్తొచ్చింది. ఆ రోజు నీ ఇంట్లో గదులన్నీ పాస్టర్లకి ఇచ్చి, నాకు వసారాలో మడతమంచం వేశారు. నేను అలిగి సామాన్ల గదిలో తలుపేసుకున్నాను. "ఆకలైతే అదే వస్తుందిలెండి" అని వదిన అనడం విన్నాను. నువ్వు నవ్వడం కూడా విన్నాను. ఆకలై నేనే వచ్చాను. ఎవరూ ఏమీ అడగలేదు, నేనూ ఏమీ అనలేదు. ఇన్నాళ్ళూ అనలేదు.

ఇప్పుడు దెబ్బలాటకి తవ్వడం లేదు. కానీ నాకో కూతురుంది. నా రక్తమే, ఎప్పుడో ఒకప్పుడు అలుగుతుంది, తలుపేసుకుంటుంది. అప్పుడు బయట ఎవరు కూర్చుంటారు అని అక్కడ నిలబడి ఆలోచించాను. ఎలీషా మంచివాడే, వాడికి వంక పెట్టను. కానీ వాడు పెరిగింది నేను ఆ నవ్వు విన్న ఇంట్లో.

అందుకని అన్నయ్యా, నువ్వు గీతలు గీసిన పని కాలేదు. కాకపోవడం కాదు, నేనే మాట ఇచ్చి వచ్చాను. ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, ఆ లాబీలోనే, కాఫీ డబ్బాల మెషీన్ పక్కన ప్రార్థన చేసి, "మా పిల్లని మీ ఇంటికి ఇస్తున్నాం" అన్నాను. దైచి తన సంబంధం తనే తల్లికి తర్జుమా చేసి చెప్పుకోవలసి వచ్చింది. చెవులు ఎర్రగా కందిపోయాయి, సగంలో మాట తడబడింది. అబిగేల్ సంగతి చెప్పను, దాని ఏడుపు కౌంటర్ దగ్గర అమ్మాయి కూడా చూసింది. ఆ పిల్ల మళ్ళీ దండం పెట్టింది, ఈసారి నేనూ పెట్టాను.

హోటల్ మీద నా అభిప్రాయం మాత్రం మారలేదు. దిక్కుమాలిన హోటల్.

ఎలీషాకి వేరే సంబంధం చూడు. పెళ్ళి ఇక్కడ మా చర్చిలోనే. మేనమామ చీర పెట్టకుండా నా కూతురు పెళ్ళికూతురు కాదు, ఆ చీర నువ్వే తేవాలి. నీకు కోపం వస్తుందని తెలుసు. మాట తప్పానని అలుగుతావు, ఫోన్ ఎత్తవు, ఈ ఉత్తరం వదిన చేత కూడా చదివించవు. అలుగు. ఈస్టర్ అయ్యాక నేను సెలవు పెట్టుకుని పాలకొల్లు వస్తున్నాను, నువ్వు గడియ పెట్టుకుని లోపల కూర్చో. సతొమి గారిలా చేతులు ఒళ్ళో పెట్టుకుని మర్యాదగా కూర్చోవడం నాకు చేతకాదు. నువ్వు తీసేదాకా కొడతాను, ఊరంతా విన్నా సరే.

ఇట్లు,
నీ తోడబుట్టిన
రూపవతి