మౌలాలీ బొమ్మ

పల్నాడు తాలూకా కారంపూడి కాపురస్తుణ్ణి, కాలం చేసిన జాన్ సాహెబ్ కొడుకు మౌలాలీని, వయసు ఇరవై నాలుగు, టూరింగ్ టాకీస్ డేరాలో మిషను ఆపరేటరుని, నరసరావుపేటలో ఆసుపత్రి మంచం మీద బోర్లా పడుకుని ఈ వీలునామా నా చేత్తో నేనే రాస్తున్నాను. ఒళ్లు కాలింది, బుద్ధి కాలలేదు. జ్వరం ఉంది, మతీ ఉంది. ఎవరూ నన్ను బెదిరించలేదు. బెదిరిస్తే వినే రకాన్ని కాను. కుడి చెయ్యి కట్టులో ఉంది, పుట్టుకతో ఎడమచేతి వాటం కాబట్టి సరిపోయింది. బడి మొహం చూడలేదు. గోడల మీద సినిమా పోస్టర్లు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. అక్షరం వంకర పోతే పోనీ, మాటలో వంకర లేదు.

దీన్ని అమలు జరపాల్సినవాడు మా డేరాలో ఆయిలింజను నడిపే అలీ సాహెబ్. నేను పోయిన వెంటనే డేరా లౌడ్‌స్పీకరు పెట్టి కారంపూడి అంతా వినేలా చదవాలి.

1. ముందు నా చావు సంగతి. పుండ్లు చీము పట్టాయని కాంపౌండరు కృపానందం గారు దాచకుండా చెప్పారు. నేను చస్తే కాలిన గాయాల వల్ల చచ్చినట్టు. కాలింది ఫిల్ము అంటుకున్నందువల్ల. అంటుకున్నది, దీపం వేడి ఫిల్ముకు తగలకుండా అడ్డుపడే రేకు తలుపు చెడిపోయినందువల్ల. హన్నమ్మత్త చేతబడి వల్ల కాదు. దీన్ని నా మరణ వాంగ్మూలంగా కూడా తీసుకోవచ్చు.

2. హన్నమ్మత్త మా వీధి మనిషి, విధవ, ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి. డేరాలో ఆడవాళ్ల గేటు చూస్తుంది. నేను కాలిన రాత్రి మేం ఆడించింది 'కపాలదీక్ష'. అందులో ఒక విధవ శ్మశానంలో కాపాలికుడి దగ్గర మంత్రం నేర్చి, పగవాడి మైనపు బొమ్మను మంటలో వేస్తుంది. ఎక్కడో ఉన్న వాడి ఒళ్లు కాలుతుంది. ఆ బొమ్మ తెర మీద కరుగుతుండగానే నా గదిలో రీలు మిషనులో ఇరుక్కుని భగ్గుమంది. పొగ ముందుగా చూసింది హన్నమ్మత్త. "అయ్యో, మౌలాలీ బొమ్మ కాలిపోతోందిరో! మౌలాలీ బొమ్మ!" అని కేక వేసింది.

బొమ్మ అంటే మా వాడుకలో సినిమా, రీలు. రోజూ "ఏంది మౌలాలీ, ఇయ్యాల ఏం బొమ్మ?" అని నన్ను అడిగే నోళ్లే ఆ ఒక్క కేకకు అర్థం మార్చేశాయి. నా బొమ్మ చేసి కాల్చిందట! నన్ను మంటలోనుంచి లాగింది ఆమె. తడి గోనె కప్పిందీ ఆమె. ఆమె అరచేతులు బొబ్బలెక్కితే "మంత్రం ఎదురు తిరిగింది చూడు" అంటున్నారట. ఏం చెప్పాలి ఈ జనానికి!

3. ఆ సినిమా ఆఖర్లో, మంత్రానికి నోరు తిరక్కుండా ఆ విధవ పళ్లు రాలగొడతారు. వెంటనే అమ్మవారు ప్రత్యక్షమవుతుంది. జనం తెర ముందు కొబ్బరికాయలు కొట్టి హారతులిస్తారు. ఇప్పుడు నా చావు కబురు అందగానే హన్నమ్మత్తకూ అదే చేస్తామని కొందరు పటకారుతో సిద్ధంగా ఉన్నారు. వాళ్లకు నేను రాసి ఇచ్చేది, ఇంట్లో నా రేకుపెట్టెలో ఉన్న జానెడు ఫిల్ము ముక్క. ఆ పళ్లు రాలే చోట తెగిన రీలు అతికించినప్పుడు మిగిలింది. పగటి వెలుగుకు ఎత్తి చూడండి. దీపం దగ్గర పెట్టారో, మీకూ నా గతే. ఆ నటి ఉమ్మేసినవి గుమ్మడి గింజలు. ఒకటి పెదవికి అంటుకుని ఉంది. దాని వెనక ఆమె సొంత పళ్లు వరసగా ఉన్నాయి. హన్నమ్మత్త నోట్లో ఉన్నవి గుమ్మడి గింజలు కావు.

4. డేరా యజమాని పెదకోటయ్యకు నా కాలిన చొక్కా. టిక్కెట్ల కిటికీకి తగిలించుకోవాలి. రేకు తలుపు తీగతో కట్టి నడుపుతున్నాను, బాగు చేయించండి అంటే "ఒరేయ్, బొమ్మ ఆగితే జనం డేరా పీకుతారు, ఆడించెహె" అన్నాడు. నేను కాలాక ఎడ్లబండి మీద తప్పెట వాయిస్తూ "నిజంగా దయ్యం దిగిన బొమ్మ! గుండె ధైర్యం ఉంటేనే రండి!" అని ఊరూరా చాటింపు వేయిస్తున్నాడు. కొత్త రీలు తెప్పించాడు. కొత్త తలుపు తెప్పించలేదు.

5. అలీ సాహెబ్‌కు నా స్క్రూడ్రైవర్లు, కత్తెర, కొత్త చెప్పులు. చెప్పులు వదులైతే కాగితం కుక్కుకో భాయ్, ఊరికే సణక్కు.

6. హన్నమ్మత్తకు నా టార్చిలైటు. ఆట వదిలాక చీకట్లో ఒంటరిగా పోతుంది. మీట నొక్కితే వెలగదు, అరచేత్తో ఒకటి తగిలించాలి. అత్తా, "ఒరేయ్ గాలోడా" అని తిట్టేదానివి. ఆ తిట్టు ఇప్పుడు వినబుద్ధవుతోంది.

7. నా మంచానికి ఒక తాయెత్తు, ఒక సిలువ, ఒక విభూతి పొట్లం వేలాడుతున్నాయి. కట్టినవాళ్లందరూ నా మంచి కోరినవాళ్లే. ఏదీ విప్పనివ్వలేదు. అల్లా మీద నాకు నమ్మకం ఉంది. నా కోపం దేవుడి పేరు చెప్పి పటకారు పట్టేవాళ్ల మీద.

8. మా అమ్మ హజ్రా బీకి ఇల్లు, మేక, నా వెండి ఉంగరం. ఇవి ఎటూ ఆమెవే. రాయడానికి చెయ్యి ఆడనిది ఇంకొకటి ఉంది. "నా బిడ్డ పోతే దాని నోట్లో ఒక్క పన్ను మిగలకూడదు" అని వాళ్లకు మాటిచ్చింది మా అమ్మే. నేను చచ్చాక వాళ్లు చూసేది ఆమె తల ఎటు ఊపుతుందోనని. పొద్దున ఇదంతా చెబితే "ఆ ముండ నీ నోరు గూడా కట్టేసిందిరా నాయనా" అని ఏడుస్తూ వరండాలోకి పోయింది. ఇంకా రాలేదు. దగ్గు వినిపిస్తోంది.

అమ్మా, నీ ఏడుపుకు ఎవరో ఒకరు కావాలి. పెదకోటయ్య అంటే నీకు భయం. మిషను అంటే తెలియదు. హన్నమ్మత్త దొరికింది.

కాబట్టి ఇది షరతు. నా జనాజా లేవకముందు అమ్మ స్వయంగా పోయి, హన్నమ్మత్త చెయ్యి పట్టుకుని మా గడప లోపలికి తీసుకురావాలి. ఊరంతా చూస్తుండగా పక్కన కూచోబెట్టుకోవాలి. అప్పటిదాకా నన్ను ఎవరూ ఎత్తొద్దు. ఎండ ముదిరినా, వాసన వచ్చినా ఎత్తొద్దు.

1946 మార్చి 14, నరసరావుపేట.

(సంతకం) షేక్ మౌలాలీ

సాక్షులు:
కృపానందం, కాంపౌండరు.
దేవదాసు, బస్సు డ్రైవరు, మాచర్ల, పక్క మంచం.
హజ్రా బీ, వేలిముద్ర: ఈ చోటు వదిలాను. రెండుసార్లు పిలిచాను. సిరాబుడ్డి మూత తీసే ఉంది.