మోకాళ్ల పొడి

మావా,

నీకు నమస్కారం రాయడానికి చెయ్యి రావడం లేదు. నువ్వు అమ్మకిస్తున్న మోకాళ్ల నొప్పుల పొడిని విశాఖ ల్యాబులో పరీక్ష చేయించాను. శొంఠితో పాటు స్టెరాయిడ్ ఉందని తేలింది. నాటుమందుల మోసాల మీద నేను పంచే కరపత్రాలు చూసి "అడివి మందురా, నీ కరపత్రాల్లో దొరకదు" అని వెక్కిరించావే, స్టెరాయిడ్ ఏ అడవిలో ఏ చెట్టుకి కాస్తుంది? సాలూరు లారీ డ్రైవర్లకి అమ్ముకునే మోసాన్ని తోడబుట్టిన అప్పకి కూడా అంటగట్టావు.

అమ్మ ముఖం ఉబ్బితే వీధిలో వాళ్లు "నీ తమ్ముడి మందు పనిసేత్తన్నాదే, ఒల్లు సేసినావు" అన్నారు. అమ్మ మురిసిపోయింది. అది మందు తెచ్చిన వాపని రిపోర్టు చూపిస్తే, "నా తమ్ముడు నాకు ఇసం పెడతాడేటిరా?" అని నన్నే తిట్టింది.

పొడి పారేద్దామంటే, ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ముప్పని డాక్టరు అన్నారు. వారం వారం తగ్గిస్తూ వేసుకోమని అదే స్టెరాయిడ్ మాత్రలు రాశారు. అమ్మ వాటిని ముట్టదు. నీ చేతి పొట్లమైతేనే మింగుతుంది.

అందుకే ఆ మాత్రలు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఏ వారానివి ఆ వారం నూరి, ఉత్త శొంఠిలో కలిపి, పొట్లాలు కట్టి, నీ మందేనని చెప్పి ఇవ్వు. అబద్ధమాడటం నీకు నేను నేర్పక్కర్లేదు.

నీ మేనల్లుడు